సీనాయ్‌లో ఒక రోజు ఆగాల్సిందే!

మన సినిమా హీరో ఒక షాట్‌లో సముద్రంలో మునుగుతాడు, మరుసటి షాట్‌లో కొండ మీద డ్యూయెట్ పాడతాడు! ఈజిప్టులోని సీనాయ్ ద్వీపకల్పంలో ఈ రెండు లొకేషన్లూ దగ్గర దగ్గరే. ఇటు ఎర్రసముద్రపు పాయ, అటు ఎడారి కొండలు.

నేను దిగిన ఊరు దహబ్. అరబ్బీలో బంగారమని అర్థం. గాలి సిలిండర్ వీపుకి కట్టుకుని నీళ్లలో మునిగానో లేదో... పగడాల దిబ్బలు, వాటి చుట్టూ నారింజరంగు చేపల గుంపులు!

పైకొచ్చాక, "మూసా కొండ ఎప్పుడెక్కుదాం?" అన్నాను. దాని ఎత్తు 2,285 మీటర్లు. సూర్యోదయం కోసం జనం రాత్రివేళే ఎక్కుతారు.

"ఈ రాత్రికి మాత్రం కాదు" అన్నాడు గైడు.

ఎందుకో మన గోలీసోడా చెబుతుంది. లోతున ఒత్తిడికి గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. వెంటనే ఒత్తిడి తక్కువున్న ఎత్తుకి వెళితే, గోలీ నొక్కిన సీసాలోలాగే బుడగలు లేస్తాయి! కీళ్లనొప్పులు, పక్షవాతం... ప్రాణమే పోవచ్చు.

అందుకే మర్నాడంతా ఒడ్డు వెంబడే ఒంటె మీద రాస్ అబూ గలుం దాకా వెళ్లి, బెదూయిన్ల తియ్యటి టీ తాగాను. కొండెక్కింది ఆ రాత్రే. తెల్లారేసరికి కింద కొండలన్నీ ఎర్రగా వెలిగాయి!

సినిమాలో ఎడిటర్ కత్తిరించి పారేసే ఆ ఒక్క రోజే, సీనాయ్‌లో మనిషిని బతికిస్తుంది.