గోదావరి గట్టున దీపాలు

మా వేంసూరులో ఒకప్పుడు రాత్రి కరెంటు పోతే లాంతరే దిక్కు. దొడ్లోకి వెళ్లవలసి వస్తే అమ్మ ముందు నడిచేది. లాంతరుకు కంటివైపు అరచేయి అడ్డం పెట్టి, వెలుగంతా కాళ్ల దగ్గర పడేలా చూసేది. "దీపాన్ని కాదురా, దారిని చూడు" అనేది.

మొన్న బంధువుల పెళ్లికి అమ్మను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరి గోదావరి దాటేసరికి పొద్దు వాలింది.

అక్కడ హేవలాక్ వంతెనను చూడనివారు ఉండరు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచాయి. 56 ఖానాల ఆ పాత వంతెన దాదాపు వందేళ్లు సేవ చేసి, పక్కనే ఆర్చి వంతెన వచ్చాక 1997లో విశ్రాంతి తీసుకుంది. దానిని సందర్శన స్థలంగా తీర్చిదిద్దేందుకు అఖండ గోదావరి పథకం కింద 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. 2027లో పుష్కరాలు. కనుక ఈ తీరంలో ఏ దీపం ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు.

ఎందుకంటే, కొంతకాలం క్రితం వేరే ఊరి రేవులో మాకొక అనుభవం కలిగింది. స్తంభం మీది పెద్ద ఫ్లడ్‌లైటు తెల్లగా కళ్లలో కొట్టింది. "మెట్టు కనపడటం లేదురా" అంటూనే అమ్మ కాలు జారింది. పట్టుకున్నాను గనుక సరిపోయింది. వెలుగు తక్కువై కాదు, ఎక్కువై పడబోయింది!

వయసు మళ్లిన కన్ను మిరుమిట్లకు తట్టుకోలేదు. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుంది. ఒక్క దీపం సూటిగా కొడితే ఆ అలవాటు క్షణంలో పోతుంది. అందుకే రేవులలో దీపాలు ఎత్తున కాక మోకాలి ఎత్తున, పైన మూతతో, మెట్ల అంచుల మీద పడేలా ఉండాలి. రంగు కూడా లాంతరులా పసుపుగా, 3000 కెల్విన్ లోపు ఉంటే మంచిది. నీలం కలిసిన తెల్లని కాంతికి పురుగులు ఎక్కువగా ముసురుతాయి. పాత వంతెనకైతే స్తంభాలను మెల్లగా తడిమే వెలుగు చాలు. నీటిలో నీడ మిగతా పని చేస్తుంది.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1852 డిసెంబరు 8న ప్రజలు తమ కిటికీలలో చిన్న దీపాలు వెలిగించారు. సెప్టెంబరులో జరగవలసిన ఆ వేడుక నదికి వరద రావడంతో వాయిదా పడింది. అదే నగరం 1989లో ఊరంతటికీ వెలుగుల ప్రణాళిక వేసుకొని, నదీతీరాలను, వంతెనలను అందంగా చూపింది. దాని మొదలు మాత్రం ఆ కిటికీ దీపాలే.

ప్రియ పాఠకులారా, గోదావరి గట్టు సంగతి పెద్దలు చూస్తారు. మన ఇంటి మెట్లు, మన మందిరపు గుమ్మం సంగతి మనదే. ఈ రాత్రి మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని అక్కడ నిలబెట్టి, "మెట్టు కనపడుతోందా?" అని అడగండి. లేదంటే దీపం మార్చండి, లేదా అరచేయి అడ్డం పెట్టండి.