సముద్రముమీది సంసారము

మన పెద్దలు సముద్రయానమును నిషేధించిరి. బోధాయన ధర్మసూత్రములు పతనహేతువులను లెక్కించుచు దానినే మొదట పేర్కొనినవి. అట్లని మన కవులు సముద్రమును విడిచిపెట్టలేదు. రఘువంశము పదుమూడవ సర్గమున శ్రీరాముడు పుష్పకము మీదనుండి సీతాదేవికి సముద్రమును చూపుచు వర్ణించును. పదునాలుగేండ్ల వనవాసము ముగించుకొని యింటికి మరలు దంపతులు ఆ నీటిని చూచి దాటిపోయిరి. మన కావ్యములలో సముద్రము చూడదగినది, దాటదగినది. అందు కాపురముండుట మాత్రము మేమెచటను చదివి యెఱుగము.

అట్టి కాపురము చేసి, తీరము చేరి, మరల మరల ఆ నీటి యింటికే పోయిన యొక యాంగ్ల గృహిణి కలదు. ఆమె పేరు ఆనీ బ్రాసీ. మా యింటివారు ఆమె గ్రంథములను చదివి అర్థము చెప్పుచుండగా, మేమును పిల్లలును పాఠశాలనుండి తెచ్చిన భూగోళపటమును నేలపై పఱచుకొని, ఆమె యోడ పోయిన త్రోవను వ్రేలితో దిద్దుకొనుచు కొన్ని మాసములపాటు ఆమెతో ప్రయాణము చేసితిమి. ఆ ప్రయాణమునే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆనీ 1839వ సంవత్సరమున జన్మించెను. పసితనముననే తల్లిని కోల్పోయెను. 1860లో థామస్ బ్రాసీ అనువానిని పెండ్లాడెను. ఆమె మామగారు దేశదేశములలో రైలుమార్గములు నిర్మించి అపారమైన ధనము గడించిన వారు. భర్త పార్లమెంటు సభ్యుడు. నౌకాశాస్త్రమునందు పరీక్షలో గెలిచి, తన యోడను తానే నడపుకొనగల సమర్థుడు. ఆ దంపతులకు ఒక కుమారుడును నలుగురు కుమార్తెలును గలిగిరి. వారిలో కాన్‌స్టెన్స్ అను బాలికను ఇంటివారు ముద్దుగా సన్‌బీమ్ అని, అనగా ఎండకిరణమా యని పిలుచుకొనెడివారు. 1873లో ఆ బిడ్డ విషజ్వరమునకు బలియయ్యెను.

మఱుసటి యేడు బ్రాసీవారు ఒక క్రొత్త యోడను కట్టించి దానికి సన్‌బీమ్ అనియే పేరు పెట్టిరి. ఓడ ముందరి కొమ్మున, నీటిని చీల్చుకొని పోవుచోట, ఆ బాలిక జ్ఞాపకార్థమై బంగారుపూత పూసిన యొక శిశువు ప్రతిమను నిలిపిరి. మన యిండ్లలో పోయిన బిడ్డ పేరును తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుకొనుట కలదు. ఈ తల్లి ఆ పేరును ఇంటికే పెట్టుకొనెను. ఇంటితోబాటు ఆ బిడ్డ పేరును దేశదేశములకు కొనిపోయెను.

ఓడ పొడవు సుమారు 170 అడుగులు. మూడు స్తంభములు, వానికి తెరచాపలు. ఆవిరి యంత్రమును గలదు గాని, గాలి యనుకూలముగా నున్నంతవఱకు తెరచాపలతోడనే పోయెడివారు. 1876 జూలై తొలిదినములలో వారు భూప్రదక్షిణమునకు బయలుదేఱినపుడు నావికులు, సేవకులు, స్నేహితులతో గూడి ఓడలో 43 మంది యుండిరి. బిడ్డలు నలుగురిలో కడపటిది ఇంచుమించు ఏడాది పిల్ల. ఓడలో పిల్లలకై ప్రత్యేకముగా నొక గది, పుస్తకములు, పెంపుడు కుక్కలు, పక్షులు. ఒక లోగిలి మొత్తమును పెకలించి నీటిపై పెట్టినట్లుండెను.

ఐశ్వర్యవంతులకు అన్నియు సుఖములే యని మనము తలతుము. కాని ఆనీకి ఓడప్రయాణము ఒడలికి సరిపడునది కాదు. కెరటములు లేచినపుడెల్ల ఆమెకు తల తిరిగి వాంతులగుచుండెను. ఎన్నియేండ్లు తిరిగినను ఆ బాధ ఆమెను విడువలేదు. బయలుదేఱిన కొలది దినములకే ఒక పెద్ద కెరటము ఓడమీదికి విఱుచుకొని పడెను. పైతట్టున నున్న బిడ్డలు కొట్టుకొని పోవలసినదే, దగ్గఱనున్నవారు పట్టుకొని నిలిపిరి. ఆ గండము గడచి ఆమె పోయి పడుకొనగా, మూయక విడిచిన పైకిటికీనుండి నీరు ధారగా దిగి పడకను ముంచెత్తెను. ఇట్టి రాత్రి గడిచినపిమ్మట తల్లియైనది ఇంటికి మరలుదమని యనుట సహజము. ఆమె పక్కబట్టలు మార్పించుకొని ప్రయాణము సాగించెను.

సెప్టెంబరు చివర దక్షిణామెరికా తీరముచెంత వారికి మంటలలో చిక్కుకొనిన యోడయొకటి కనబడెను. దాని పేరు మాంక్స్‌హేవెన్. అడుగున నింపిన బొగ్గు రాజుకొని కాలుచుండెను. అందలి 15 మందిని సన్‌బీములోనికి ఎక్కించుకొనిరి. ఉన్న పెద్ద సంసారమునకు పిలువని చుట్టములు పదునైదుగురు! మంచినీటిని కొలిచి వాడుకొనవలసి వచ్చెను. వేసవిలో బావి యెండినపుడు ఇంటికి బంధువులు దిగినచో గృహిణి మనసెట్లుండునో మనకు తెలియును. మజెల్లను జలసంధిలో నొక పొగయోడ ఎదురయి వారిని తన వెంట గొనిపోవువఱకు ఆమె వారి నాదరించెను.

ఆ జలసంధిలోనే జరిగిన మఱియొక సంగతి మా మనసులకు మిక్కిలి హత్తుకొనినది. మంచుకొండల నడుమ నుండి, పలకలను నరములతో కుట్టి చేసిన చిన్న దోనె యొకటి వారి యోడచెంతకు వచ్చెను. అందొక పురుషుడు, ఒక స్త్రీ, ఒక పిల్లవాడు. ఆ దేశపు మూలవాసులకు దోనెయే ఇల్లు; దోనె నడుమ నిప్పును ఆఱిపోకుండ కాపాడుకొనుచు, స్త్రీలే తెడ్లు వేయుచు, ఆ చలిసముద్రముపై తరతరములుగా బ్రదికినవారు వారు. ఓడలోనివారు పొగాకును పూసలను చూపగా, ఆ మువ్వురును మేనికి కప్పుకొనిన నీటికుక్క చర్మములను విప్పి ఇచ్చి, ఆ చలిలో దిగంబరులై నిలిచిరి. రంగుపూసలను చూచి ఆ స్త్రీ నవ్వెనట. ఆ దినమున రెండు నీటియిండ్లు ఎదురెదురుగా నిలిచినవి. ఒకదానిలో నలువదిమందికి పైగా జనము. రెండవదానిలో ముగ్గురు మనుష్యులు, పిడికెడు నిప్పు. ఒంటిమీది కంబళిని పూసలకు మార్చుకొనిన ఆ యిల్లాలు ఆ రాత్రి బిడ్డను దేనిలో చుట్టి పరుండబెట్టెనో యని మేము పలుమారు తలచుకొంటిమి. తెల్లవారు తెచ్చిన వ్యాధులచేతను, భూములు పోవుటచేతను, ఆ జాతులవారు అటుపిమ్మట కొలదిమందిగా మిగిలిరి.

చిలీదేశము విడిచినపిమ్మట దాదాపు నాలుగు వారములు నేల కనబడలేదు. తరువాత కొబ్బరితోపుల టహీటి. క్రిస్మసునాటికి హవాయి ద్వీపములు. అచట కిలవేయా అగ్నిపర్వతమున కరగిన రాయి యేరువలె ఉడుకుచుండుటను రాత్రివేళ నిలిచి చూచిరి. జనవరి చివర జపాను దేశపు చలి. పిమ్మట చీనా రేవులు, సింగపూరు, సింహళము. 1877 మే నెల చివర, పదునొకండు మాసములు నిండుసరికి స్వదేశము చేరిరి.

ఈ కాలమంతయు ఆమె తన తండ్రికి లేఖలు వ్రాయుచునే యుండెను. ఇల్లు మేలుకొనకముందే లేచి, పడకపై కూర్చుండి వ్రాసికొనెడిది. గ్రంథకర్త్రిని కావలెనని కూర్చుండి వ్రాసినవి కావవి. దూరముననున్న తండ్రికి కూతురు చెప్పుకొనిన కబురులు. అందుచేతనే వానిలో కొండలు, కోటలతోబాటు వంటయును, పిల్లల జ్వరములును, అంగడిలోని ధరలును కలసియుండును. ఆ లేఖలను కూర్చి 1878లో ప్రకటింపగా పలుభాషలలోనికి మార్చుకొనిరి. ఇంగ్లండులో బడిపిల్లలకు పాఠ్యముగను చేసికొనిరి.

ఇంతటితో ముగిసినచో ఇది యొక విహారకథ మాత్రమే యగును. కాని ఆమె మరలెను. 1878లో సైప్రసు, కాన్‌స్టాంటినోపులు. 1883లో పడమటి యిండియా దీవులు. తీరమున ఆమెకు రాజభవనమువంటి యిండ్లుండెను. ఐనను కొన్ని సంవత్సరములు గడచుసరికి సామానులు కట్టుకొని ఆ యోడగదులకే చేరుచుండెను. ఇంగ్లండు చలికాలము ఆమె రొమ్మునకు సరిపడదను కారణము కలదు. అది యొకటే కాదని మా తలంపు. తీరమున భర్తకు రాజ్యవ్యవహారములు, కుమారునకు విద్యాలయములు, ఆమెకు విందులు. ఓడలో నందఱును ఒక బల్లచుట్టును భోజనమునకు కూర్చుండెడివారు. బిడ్డనొకతెను పోగొట్టుకొనిన తల్లి మిగిలినవారిని కంటియెదుట నుంచుకొనగోరుట వింత కాదు.

1886లో భర్తకు ప్రభుపదవి లభించెను. ఆ యేటి చలికాలముననే ఓడ మరల కదలెను. అప్పటికి ఆమెకు నలువదియేడేండ్లు నిండియుండెను. జ్వరములచే దేహము శుష్కించియుండెను. 1887 ఆరంభమున ఆ కుటుంబము మన దేశమునకు వచ్చినది. బొంబాయినుండి రైలుమీద పలుపట్టణములు తిరిగి, మన దక్కను హైదరాబాదును, పూనాను చూచిరి. పిమ్మట సింహళము మీదుగా రంగూను. ఆ కాలముననే మన సర్కారు తీరములనుండి కూలిపనికై తెలుగువారును ఓడలెక్కి రంగూను పోవుచుండిరి. వారిలో పెక్కురు ఆలుబిడ్డలను ఊరనే విడిచిపోయినవారు. సముద్రముమీద సంసారముతో పోవుట ధనికులకు విలాసము. పేదలకు సముద్రమనగా సంసారమునకు ఎడబాటు. ఈ భేదమును మఱచి ఆనీ కథను చెప్పుట న్యాయము కాదు.

రంగూనునుండి సింగపూరు, బోర్నియో, సెలెబీసు, అటనుండి ఆస్ట్రేలియా. బోర్నియోలో చీనావారు పులుసు కాచుకొను పక్షిగూళ్లు దొరకు గుహలకు పోయి చూచిరి. ఆస్ట్రేలియాలో దిగిన పట్టణములలో ఆమె సెయింట్ జాన్ అంబులెన్సు సంఘముపక్షమున సభలు జరిపించి, ప్రథమచికిత్స నేర్చుకొనుడని స్త్రీలను పురుషులను ప్రోత్సహించెను. దెబ్బ తగిలినపుడు కట్టు కట్టుట, నీట మునిగినవానికి ఊపిరి తెప్పించుట వైద్యుడు లేని చోటులందు ప్రతి యింట తెలిసియుండవలెనని ఆమె పట్టు. తన దేహము సహకరింపకున్నను ఈ పని మానలేదు.

ఆస్ట్రేలియా ఉత్తరతీరమును విడిచినపిమ్మట జ్వరము ముదిరెను. 1887 సెప్టెంబరు 14వ తేదీన హిందూమహాసముద్రము నడుమ, భర్తయు బిడ్డలును చెంతనుండగా ఆనీ ప్రాణము విడిచెను. ఆనాటి సూర్యాస్తమయవేళ ఆమె దేహమును సముద్రమున విడిచిరి. సమాధిరాయి లేదు, ఓడపుస్తకమున వ్రాసికొనిన అక్షాంశ రేఖాంశములు మాత్రము మిగిలినవి. ఆమె వ్రాసికొనుచు వచ్చిన దినచర్యకు కడపటి భాగమును భర్త పూరించెను. 1889లో అది కడపటి ప్రయాణము అను పేర వెలువడెను.

ఆ యిల్లు ఆమె తరువాతను చాలకాలము బ్రదికినది. 1895లో భర్త ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు గవర్నరైనపుడు ఆ యోడమీదనే పోయెను. 1916లో దానిని వైద్యశాలా నౌకగా నుపయోగించుటకు ఇండియా ప్రభుత్వమునకిచ్చెను. 1929లో దానిని విఱుగగొట్టిరి. కాని ఓడముందరి బంగారుశిశువు ప్రతిమను పదిలపఱచిరి. అది ఇప్పుడు గ్రీనిచ్‌లోని నౌకావస్తు ప్రదర్శనశాలయందున్నది. ఆనీ దేశదేశములనుండి కూర్చిన వస్తువులలో పెక్కింటికి హేస్టింగ్సు పట్టణపు ప్రదర్శనశాల నెలవైనది. అచటి దర్బారుమందిరపు కొయ్యచెక్కడము 1886 నాటి ప్రదర్శనకై పంజాబు శిల్పులు చేసినది.

అనారోగ్యముననున్న తల్లి బిడ్డలతో అట్లు మరల సముద్రమెక్కుట తగునా యని మా యింట చర్చ జరిగినది. తగదని కొందఱు, ఇంటనున్నను చావు తప్పదని కొందఱు. మాకు తోచినది వేఱు. ఆమె కొఱకు ఆ యోడను నడపిన నావికుల యిండ్లలో స్త్రీలు నెలల తరబడి దీపము పెట్టుకొని ఎదురుచూచియుందురు. వారు గ్రంథములు వ్రాయలేదు. ఆనీ మాత్రము తన భాగ్యమును దాచుకొనక, చూచినదంతయు వ్రాసి, ఇల్లు కదలలేని లక్షలాది స్త్రీలకు పంచిపెట్టెను. ఆమె చేసిన దానము అది.

నేడు మన స్త్రీలును ఆ నీటిపై పోవుచున్నారు. 2017 సెప్టెంబరులో గోవానుండి మన నౌకాదళపు స్త్రీలు ఆరుగురు తారిణి యను చిన్న తెరచాపనౌకమీద బయలుదేఱి, భూప్రదక్షిణము చేసి, 2018 మేలో మరల గోవా చేరిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటియు మన తెలుగు ఆడుబిడ్డలు. ఆనీ సోలిపోయిన హిందూమహాసముద్రమునే వారును దాటిరి.

ఆంగ్లము చదువగల సోదరీమణులు బ్రాసీవారి గ్రంథమును సంపాదించి, పటమొకటి ముందు పఱచుకొని, మధ్యాహ్నపువేళ ఇంటి పిల్లలకు రోజునకొక రేవు చొప్పున చెప్పుదురేని, వారికి భూగోళము వచ్చును, తమకును కాలము తెలియదు.