ఓడలో కుట్టిన బొంత

మా అమ్మమ్మ పాత చీరల ముక్కలతో బొంతలు కుట్టేది. ఏ ముక్క ఎవరి చీరదో ఆమె చెబుతుంటే వింటూ నిద్రపోయేవాణ్ణి. ఇటీవల ఒక గ్రంథంలో మరొక బొంత చిత్రం చూడగానే ఆ రాత్రులు జ్ఞప్తికి వచ్చాయి.

1788 నుండి 1868 వరకు బ్రిటన్ తన నేరస్థులను ఓడలకెక్కించి ఆస్ట్రేలియాకు పంపింది. వారిలో స్త్రీలు సుమారు 25,000 మంది. పెక్కుమంది చేసినవి చిల్లర దొంగతనాలే. వాటికి సాధారణంగా పడే శిక్ష ఏడేళ్ల ప్రవాసం. గడువు తీరినా తిరుగు ప్రయాణానికి ధనం లేక అనేకులు స్వదేశాన్ని మళ్లీ చూడలేదు.

1841లో 'రాజా' అనే ఓడలో సుమారు 180 మంది స్త్రీలను హోబార్ట్‌కు పంపారు. కారాగార సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై నెలకొల్పిన మహిళా సంఘం వారికి గుడ్డముక్కలు, సూదులు, దారం సమకూర్చింది. ఆ సముద్రయానంలో వారు 2,815 ముక్కలతో ఒక పెద్ద బొంత కుట్టి, దాని అంచున ఆ మహిళలకు కృతజ్ఞతలు తెలిపారు. అది కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలకు చేరింది.

న్యాయస్థానపు పత్రాలు వారి నేరాన్ని భద్రపరచాయి. బొంత వారి నేర్పును భద్రపరచింది. కానీ ఏ ముక్క ఎవరు కుట్టారో చెప్పే అమ్మమ్మ అక్కడ లేదు. చినిగిన గుడ్డనైనా పారవేయని ఆ చేతులనే ఒక దేశం పారవేసిందని తలచినప్పుడు మనసు చివుక్కుమంటుంది.