వంతెన అవతల ఒక్క దినము

2018 నవంబరులో, హాంకాంగ్‌లో ఉద్యోగము చేసుకుంటున్న మన తెలుగు సహోదరులు కొందరు తమ గృహకూడికలకు మమ్మును పిలిచారు. కూడికలు శని, ఆదివారములే. మధ్యలో ఖాళీగా ఉన్న ఒక గురువారము, "అయ్యగారూ, షెంజెన్ పక్కనే ఉంది, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దాము" అన్నారు. హాంకాంగ్ 1997 నుండి చైనాదే. అయినా ఇటు నుండి అటు వెళ్లాలంటే మనబోటి వారికి వేరుగా చైనా వీసా కావాలి. అది మేము ఇండియాలోనే తీసుకొని ఉన్నందున బయలుదేరాము. ఇద్దరు తెలుగు ఇంజనీర్లు, వారి ఆఫీసులో పనిచేసే ఒక చైనా తమ్ముడు, మేము.

హుంగ్‌హోమ్ స్టేషనులో రైలెక్కితే ముప్పావు గంటకు లో వూ వచ్చింది. అక్కడితో హాంకాంగ్ అయిపోతుంది. మధ్యలో షెంజెన్ నది. నది అన్నారు గాని చూడడానికి మన పెద్ద కాలువ వలె ఉంది. పైకప్పు వేసిన వంతెన మీద నడిచి దాటి, వేలిముద్రలు వేసి బయటికి వచ్చాము. హాంకాంగ్‌లో బండ్లు మన వలెనే ఎడమ వైపు నడుస్తాయి. వంతెన దాటగానే కుడి వైపు. రోడ్డు దాటబోయి మేము అలవాటు చొప్పున వేరే వైపు చూచేసరికి, చైనా తమ్ముడు చేయి పట్టి వెనక్కు లాగాడు. లేకపోతే ఈ వ్యాసము ఉండేది కాదేమో!

1980లో ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టక ముందు ఇక్కడ ఉన్నది ఒక చిన్న సంత ఊరు, చుట్టూ పొలాలు, చేపలు పట్టుకునే పల్లెలు. 2020 జనాభా లెక్కలలో ఆ నగరములో తేలినవారు 1 కోటి 75 లక్షలు. మేడల సంగతి వ్రాయము. ఫోటోలలో మీరు చూచే ఉంటారు. ఆ మేడలు కట్టినవారు, ఫ్యాక్టరీలలో పనిచేసినవారు ఎక్కువ మంది హునాన్, సిచువాన్ వంటి రాష్ట్రముల పల్లెల నుండి వచ్చిన కూలి జనమే.

మెట్రోలో డాఫెన్ అనే చోటికి వెళ్లాము. 1989లో హువాంగ్ జియాంగ్ అనే హాంకాంగ్ వ్యాపారి కొందరు చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చి, అప్పటికి పల్లెగా ఉన్న ఆ ఊరిలో రంగుల చిత్రములకు నకళ్లు వేయించడము మొదలుపెట్టాడు. తరువాత వేలమంది వచ్చి చేరారు. సందులలో గోడలకు తడి ఆరని బొమ్మలు వ్రేలాడుతున్నాయి.

ఒక సందు మొగలో ముప్పై ఏండ్ల స్త్రీ వాన్ గో పొద్దుతిరుగుడు పూలు వేస్తోంది. 80 యువాన్లు చెప్పింది. అప్పటి లెక్కలో 800 రూపాయల పైమాటే. బేరమాడడములో మేము ఎవరికీ తీసిపోము. రెండు సార్లు వెళ్లిపోయినట్టు నటించి 45కు దించాము. మా వారందరూ నవ్వారు, మేమూ నవ్వాము.

అప్పుడు రంగు డబ్బాలకు ఆనించిన ఆమె ఫోనులో నుండి పిల్ల గొంతు వినబడింది. ఎనిమిదేండ్ల పాప, తెర మీద, పాఠము గట్టిగా చదువుతోంది. తల్లి కుంచె ఆపకుండానే తప్పులు దిద్దుతోంది. చైనా తమ్ముడు అడిగి చెప్పాడు: హునాన్‌లో అమ్మమ్మ దగ్గర ఉంటుందట. కుటుంబ నమోదు సొంత ఊరిలోనే ఉన్నందున పట్నపు బడిలో చోటు దొరకడము కష్టము. వారి కొత్త సంవత్సరపు పండుగకు తల్లి వెళ్తుంది, ఏడాదికొకసారి. 2013లో అఖిల చైనా మహిళా సమాఖ్య చెప్పిన లెక్కలో, తల్లిదండ్రులు పనికి వెళ్లగా పల్లెలలో మిగిలిన పిల్లలు 6 కోట్ల పైన.

మేము 80 ఇవ్వబోయాము. ఆమె తీసుకోలేదు. ఒప్పుకున్నది 45 అన్నది.

ఆ సాయంత్రము లో వూ వద్ద మాకు ఎదురుగా స్కూలు యూనిఫారాలలో చిన్నపిల్లలు గుంపులుగా వచ్చారు. షెంజెన్‌లో ఇల్లు, హాంకాంగ్‌లో బడి. అటువంటి వారు వేలల్లో ఉన్నారట. రోజూ సరిహద్దు దాటి, రోజూ తల్లి దగ్గరకు చేరతారు. బొమ్మ చుట్టను చంకలో పెట్టుకొని మేము గోడవారగా నిలబడి దారి ఇచ్చాము.

మాకు గుర్తు వచ్చినది మా సంఘములోని ఒక చెల్లెలు. అంతకు మూడేండ్ల క్రిందట, ఇద్దరు పిల్లలను తల్లికి అప్పగించి కువైటుకు ఇంటిపనికి వెళ్లింది. బయలుదేరే ముందు రాత్రి ప్రార్థన చేయించుకొనుటకు మా యింటికి వచ్చింది. "పిల్లలకు తల్లిని దూరము చేసే డబ్బు ఎందుకమ్మా?" అన్నాము. వారి ఇంటి అప్పు ఎంతో మేము అడగలేదు. ప్రార్థన చేశాము గాని, ఆ ప్రార్థనలో కూడా మందలింపే ఉన్నది. ఆమె ఏమీ అనక చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

ఊరు చేరిన తరువాత శుక్రవారము ఆ అమ్మమ్మ ఇంటికి వెళ్లాము. కువైటులో ఆ దినము సెలవు. పూల బొమ్మను పిల్లలే గోడకు మేకు కొట్టి తగిలించారు. ఫోను మ్రోగింది. తెర పగిలి ఉండుటచేత ఆమె ముఖము ముక్కలుగా కనబడింది.

"అయ్యగారూ, మీరా! ఎవరికైనా ఏమైనా అయ్యిందా?" అని కంగారుపడింది.

"ఏమీ లేదమ్మా. అన్నము తిన్నావా?"

తిన్నానన్నది. అనుకొని వెళ్లిన మాటలేవీ మాకు రాలేదు. చివరకు, "ఆ రాత్రి నీ కొరకు చేసిన ప్రార్థన సరిగా చేయలేదమ్మా, మళ్లీ చేస్తాము" అన్నాము.

అవతల నుండి కొంతసేపు ఏమీ వినబడలేదు. తరువాత, "పిల్లల్ని కూడా దగ్గర కూర్చోబెట్టుకోండయ్యగారూ" అన్నది.