జోళ్ళు కుట్టినోడి పేరేది?

మా అయ్య ఎవుర్ని చూసినా ముందు కాళ్ళు చూసేవాడు. మొహం సంగతి తర్వాత. మడమ అరిగిన తీరు చూసి, వేళ్ళ పక్కన కాయలు చూసి, ఈ మనిషి నాగలి వెనక నడిచాడో, బస్తాలు మోశాడో, కుర్చీలో కూచున్నాడో చెప్పేసేవాడు. "ఊరోళ్ళు మన మొహాలు సూడరు గదరా, మనం ఆళ్ళ కాళ్ళు సూత్తాం" అని నవ్వేవాడు.

మాది కొల్లేటి అంచున ఒక లంక. ఊరికి పల్లంలో మాదిగపేట. వరదొస్తే ముందు మునిగేది పేటే. తాటిదోనె ఎక్కి గట్టుకి చేరి, అక్కణ్ణించి బురదలో నడిచి ఏలూరు బస్సెక్కాలి. మా ఇంటి వెనక లంద ఉండేది. తంగేడు చెక్క నీళ్ళల్లో తోళ్ళు నానుతుండేవి. ఆరె, రంపె, దారానికి పట్టించే మైనం - ఇదే మా ఆస్తి. మా అయ్య కుట్టిన కిర్రు చెప్పులు తాడేపల్లిగూడెం దాకా పోయేవి. అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో మా మేనమామ బస్తాలు మోసేవాడు. ఆయన చేతికిచ్చి అమ్మించేవాడు. తాడేపల్లిగూడేన్ని మా వైపు అందరూ ఉత్త 'గూడెం' అనే అంటారు. పెద్దకులాల వాళ్ళు కూడా "మాది గూడెం" అని దర్జాగా చెప్పుకుంటారు. అదే మాట మేమంటే మాత్రం రెండో ప్రశ్న వస్తుంది - "ఏ గూడెం?"

1988లో నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను. కారంచేడు జరిగి మూడేళ్ళు. హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ చర్చలు. మీటింగుల్లో మైకు పట్టుకుని "మా అయ్య చెప్పులు కుడతాడు" అని గట్టిగా చెప్పేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్ళు. అదే మాట మెస్సులో పక్కన కూచుని తినేవాడు "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అనడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. "వ్యవసాయం" అనేవాణ్ణి. సెంటు భూమి లేదు మాకు.

ఆ ఏడాది మా అయ్య పరీక్ష ఫీజు డబ్బులు పంచె మొలలో దోపుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో నించుని హైదరాబాదు వచ్చాడు. అదే మొదటిసారి రావడం. చంకలో గుడ్డసంచి. సంచిలో నాకోసం కుట్టిన కిర్రు చెప్పులు. నా కాళ్ళ వంక చూశాడు. స్కాలర్‌షిప్పు డబ్బుల్తో కొన్న షాపు చెప్పులున్నాయి. ఏమనలేదు. నేనే "ఇవి ఇక్కడెవరూ వేసుకోరు అయ్యా" అన్నాను. ఆ జత తీసి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. ఆ మాట ఇన్నేళ్ళయినా నా గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

సాయంత్రం ట్యాంక్‌బండ్ చూపించడానికి తీసుకెళ్ళాను. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హుస్సేన్‌సాగర్ గట్టు మీద తెలుగుజాతి మహనీయులని ముప్పైకి పైగా విగ్రహాలు పెట్టింది. రెండువేల ఏళ్ళ చరిత్ర అంతా కంచు బొమ్మల్లో వరసగా నించుని ఉంటుంది. శాలివాహనుడు, నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, కృష్ణదేవరాయలు, అన్నమయ్య, త్యాగయ్య, వేమన, వీరబ్రహ్మం, తానీషా, వీరేశలింగం, గురజాడ, శ్రీశ్రీ. ఆడవాళ్ళలో రుద్రమ, కుమ్మరి మొల్ల. మా అయ్యకి చదువు రాదు. నేను పేర్లు చదివి చెబుతుంటే "ఊ" కొడుతూ నడిచాడు. ఎవరి మొహమూ చూళ్ళేదు. అందరి కాళ్ళూ చూశాడు.

కాటన్ దొర దగ్గర ఆగాడు. ఆయన్ని మా గోదావరి జిల్లాల్లో తెలీని వాడు లేడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి మాగాణికి నీళ్ళిచ్చినోడని ఇళ్ళల్లో పటాలు పెట్టుకుంటారు. మా అయ్య కూడా దండం పెట్టాడు. పెట్టి, చెయ్యి దించి, "కాలవ తవ్వినోళ్ళు ఏలమందుంటారు గదరా?" అన్నాడు. ఇంకొంచెం ముందుకి నడిచాక అడిగాడు.

"ఇన్ని జతల జోళ్ళున్నాయి. కుట్టినోడేడిరా?"

నాకు సంబరమేసింది. మా అయ్య నోటంట ఉద్యమం మాట వచ్చిందనుకున్నాను. ఉత్పత్తి కులాలకి చరిత్రలో చోటివ్వలేదనీ, రాజులూ కవులే చరిత్ర అయిపోయారనీ, మొన్న మీటింగులో మాట్లాడిందంతా అప్పజెప్పాను. ఓపిగ్గా విని, "అది కాదురా. నేనడిగింది పేరు. ఆడికో పేరుంటది గదా?" అన్నాడు.

నా దగ్గర పేరు లేదు.

జాషువా విగ్రహం దగ్గరకి తీసుకెళ్ళాను. 1895లో వినుకొండలో పుట్టాడని, తల్లి లింగమ్మ మన మాదిగ పడుచేనని చెప్పాను. 1941లో 'గబ్బిలం' రాశాడని, ఆ కావ్యంలో శివుడికి కబురు పంపేవాడు రాజు కాదు, తోలు పని చేసే మనలాంటి వాడేనని చెప్పాను. మా అయ్య ఒక్కసారిగా తల పైకెత్తి జాషువా మొహం చూశాడు. ఆ సాయంత్రమంతా మా అయ్య మొహం చూసిన విగ్రహం అదొక్కటే. "మరి ఆ కబురు పంపినోడి పేరేంటి?" అన్నాడు. కావ్యంలో అతడికి పేరు లేదని చెప్పలేక టీ తాగుదాం రమ్మన్నాను.

తర్వాత చాలా జరిగాయి. 1990 మార్చి 10న అదే చెరువులో పెద్ద బుద్ధ విగ్రహాన్ని పడవ మీద తీసుకెళ్తుంటే ఒరిగి మునిగిపోయింది. పనివాళ్ళు చచ్చిపోయారు. 1992 డిసెంబరులో బుద్ధుణ్ణి పైకి తీసి నిలబెట్టారు. ఆయన్ని చూడటానికి పడవల్లో జనం వెళ్తుంటారు. ఆయనతోపాటు మునిగినవాళ్ళ పేర్లు ఆ పడవల్లో ఎవరినైనా అడిగి చూడండి.

ఇక్కడ మా లంకలో రబ్బరు చెప్పులొచ్చి మా అయ్య ఆరె తుప్పు పట్టింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లకి మట్టి మొయ్యబోయాడు. 1976లో ప్రభుత్వం పేదోళ్ళకి సొసైటీలు పెట్టి చెరువులు తవ్వుకోమంది. సొసైటీ కాగితాల మీద మా వాళ్ళ పేర్లున్నాయి. చెరువులు మాత్రం లీజుల పేరుతో డబ్బున్నోళ్ళ చేతుల్లోకి పోయాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. మా అయ్య మోసిన మట్టి మళ్ళీ నీళ్ళల్లో కలిసిపోయింది. విగ్రహం మీద మా పేరు లేదు. పేరున్న కాగితం కూడా మాకు అన్నం పెట్టలేదు.

1994లో పేటలో అంబేడ్కర్ విగ్రహం పెట్టాలనుకున్నాం. ఇంటికి నాలుగు రోజుల కూలి చందా. రోడ్డు సెంటర్లో పెట్టడానికి ఊరు ఒప్పుకోలేదు. గొడవై, పోలీసులొచ్చి, చివరికి పేట మొగదల పెట్టుకున్నాం. సిమెంటు బొమ్మని మేనమామ తాడేపల్లిగూడెం నుంచి లారీలో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చాడు. దించగానే మా అయ్య బూట్లు చూశాడు. "లేసుల్లేని బూట్లేంట్రా! బాబాసాయెబు జారి పడడూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మా తాత చెప్పిన మాట ఒకటి ఆయన మనసులో ఉంది. 1944లో అంబేడ్కర్ ఏలూరు వచ్చినప్పుడు మా తాత జనంలో దూరి చూశాడట. ఇంటికొచ్చి ఉపన్యాసం గురించి ఏమీ చెప్పలేదట. "మనోడి కాళ్ళకి బూట్లున్నాయి" అని ఒక్కటే మాట చెప్పాడట. మా అయ్య నల్లరంగు డబ్బా, సన్న కుంచె తెప్పించుకుని, నేల మీద బోర్లా పడుకుని, రెండు బూట్లకీ లేసులు గీశాడు. కన్నం కన్నానికీ దారం ఎట్లా దూరుతుందో అట్లాగే గీశాడు. అది ఆయన కుట్టిన ఆఖరి జత అనుకుంటాను. 2003లో పోయాడు.

నేను ఏలూరులో ఒక కాలేజీలో పంతులుగా చేరాను. 2009లో పిల్లల్ని అమరావతి తీసుకెళ్ళడానికి ముందు శాసనాల పుస్తకం ఒకటి తిరగేస్తున్నాను. అమరావతి స్తూపం సంగతి మీకు తెలిసిందే. 1797లో మెకంజీ దొర చూసేనాటికే జమీందారు కట్టడాలకి రాళ్ళు ఊడబీకేస్తున్నారు. సున్నం కోసం కాల్చినవి కాల్చారు. మిగిలినవాటిలో మంచివి 1859లో ఓడెక్కి లండను పోయాయి. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంకొన్ని చెన్నై మ్యూజియంలో. మన దగ్గర మిగిలింది దిబ్బ, కొన్ని రాళ్ళు. అయితే ఆ రాళ్ళు రాజు ఒక్కడే చెక్కించినవి కావు. వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు తలా ఒక పలక ఇచ్చి దాని మీద తమ పేరు రాయించుకున్నారు. ఆ పేర్లు చదువుకుంటూ పోతుంటే ఒక చోట నా వేలు ఆగిపోయింది.

చమ్మకార విధికుడు.

ప్రాకృతంలో చమ్మకార అంటే చర్మకారుడు. నాగ ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానమిచ్చాడు. అంతే శాసనం. పుస్తకం మూసేసి బయటికొచ్చి చాలాసేపు నించున్నాను. మా అయ్య అడిగిన పేరు దొరికింది. చెప్పడానికి మా అయ్య లేడు.

అప్పుడు కులం లేదని నేననడం లేదు. ఒక్క శాసనం పట్టుకుని అంత మాట అనకూడదని పిల్లలకి నేనే చెబుతాను. నన్ను పట్టుకుంది వేరే సంగతి. ఎవరూ అడక్కుండానే అతను తన పని పేరు రాతి మీద చెక్కించుకున్నాడు. 'వ్యవసాయం' అనలేదు. అక్కడ ఉపాధ్యాయుడి కొడుకు చర్మకారుడు. ఇక్కడ చర్మకారుడి కొడుకు ఉపాధ్యాయుడు. అతను తండ్రి పేరూ తన పనీ ఒకే వాక్యంలో చెప్పుకున్నాడు. నేను మెస్సులో పళ్ళెం ముందు కూచుని చెప్పలేకపోయాను.

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద చాలా విగ్రహాలు కూలాయి. ఈ చరిత్రలో మేమెక్కడ అని తెలంగాణ అడిగింది. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. టీవీలో విరిగిన కాళ్ళు చూస్తుంటే నాకు మా అయ్యే గుర్తొచ్చాడు. ఆయన ఒక్క రాయీ వెయ్యకుండా అదే ప్రశ్న అడిగాడు. శాలివాహనుడు అక్కడున్నాడు. శాతవాహనుల కాలంలోనే పలక చెక్కించిన విధికుడు లేడు.

ఆ తర్వాత జరిగింది చెబితే మా అయ్య నమ్మేవాడు కాదు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్ర తెచ్చింది. అమరావతి శిల్పంలోంచి తీసుకున్న ధర్మచక్రం, అందులో పూర్ణఘటం. ఆ ఘటం నాగ ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు విధికుడు ఇచ్చిన కానుక అని ముద్రకిచ్చిన వివరణలోనే ఉంది. ఇప్పుడు సెక్రటేరియట్ జీవో మీదా, కలెక్టరు ఉత్తరం మీదా అదే గుర్తు. ఎంతమంది ఆఫీసర్లకి ఆ సంగతి తెలుసో తెలీదు.

2022లో ఏలూరు జిల్లా అయిన కొత్తల్లో మా అమ్మాయికి కులం సర్టిఫికెట్టు తీసుకున్నాను. కాగితం మీద పూర్ణఘటం ముద్ర. దాని కింద మా కులం పేరు. ఒకే కాగితం మీద రెండూ ఉన్నాయి. పైనున్నది మాదని అడిగే దిక్కు లేదు. కిందున్నది నిజంగా మాదేనని రుజువు చెయ్యడానికి వారం రోజులు తిప్పారు.

ఇంటికొచ్చి అమ్మాయికి ఆ ముద్ర కథ చెప్పాను. తాత అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. తర్వాత ట్రంకుపెట్టె తీశాను. అడుగున చెప్పులు అలాగే ఉన్నాయి. తోలు బిర్రబిగుసుకుపోయింది. కుట్టు మాత్రం ఒక్క పోగూ ఊడలేదు. అమ్మాయి ఆముదం రాసి రెండు రోజులు ఎండకి పెట్టింది. ఏప్రిల్ 14న పేటలో మీటింగుకి అవే వేసుకెళ్ళాను. నడుస్తుంటే కిర్రు కిర్రుమన్నాయి. లేసులున్న బాబాసాహెబు ముందు మైకు తీసుకుని, ముప్పై నాలుగేళ్ళ బాకీ తీర్చుకున్నాను.

అయ్యా, జోళ్ళు కుట్టినోడి పేరు విధికుడు. ఇంటిపేరు తెలీదు. పని మాత్రం మన పనే.