నీటిరంగులు

నీటిరంగుల చిత్రానికి తెల్లరంగు అక్కరలేదు. తెలుపు కాగితంలోనే ఉంటుంది. దానిని కాపాడుకోవడమే మొదటి పాఠం. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు (1897–1925) ఈ రంగులతో ఎన్నో చిత్రాలు గీశారు.

ఆ గోదావరి పాయే యానాం పక్కన గౌతమిగా పారుతుంది. అక్కడ ఒక సాయంత్రం తాతయ్య, మనవరాలు అరుగుమీద కూర్చుని రంగులు కలిపారు. దళసరి కాగితంపై ముందుగా కొవ్వొత్తితో అలలు గీశారు. పైన నీలం పూయగానే మైనం ఉన్నచోట రంగు అంటలేదు. అలలు తెల్లగా తేలాయి. ఒడ్డుకు గోధుమరంగు వేసి, తడిమీదే చిటికెడు ఉప్పు చల్లారు. ఆరాక అది ఇసుకలా మచ్చలు మచ్చలుగా కనిపించింది. ఆకాశమంతా నీటితో తడిపి పసుపు, ఎరుపు పక్కపక్కన తాకించారు. అవి తమంతట తామే కలిసి నారింజరంగు అయ్యాయి.

ఇంతలో కుంచెనుంచి నల్లని చుక్క ఒకటి ఆకాశంలో పడింది.

“తాతయ్యా, బొమ్మ పాడైపోయింది!” అంటూ పాప కాగితం చింపబోయింది.

“ఆగమ్మా! ముందు ఆరనియ్యి” అన్నారు తాతయ్య.

చుక్క తడిలో పాకి, వానమబ్బులా నిలిచింది. పాప చాలాసేపు చూసింది. తరువాత దానికింద, ఒడ్డుకు మళ్లిన పడవను గీసింది.

నీటిరంగులను పూర్తిగా చెరపలేము. పడిన మరకకు చిత్రంలో చోటు వెతకడం నేర్చుకోవాలి.