గిర్‌గావ్ చౌపాటీ దాకా

నాంపల్లిలో ఎక్కిన హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున ముంబయి సీఎస్ఎంటీలో దించింది. పెట్టెల మీద తల ఆన్చి కునుకు తీస్తున్న కుటుంబాలు, చాయ్ కేకలు. 2008 నవంబరు 26 రాత్రి కూడా ఈ హాల్లో జనం ఇలాగే బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. కసబ్, ఇస్మాయిల్ ఖాన్ అనే ఇద్దరు ఉగ్రవాదులు ఏకే-47లతో వచ్చి కాల్చేశారు. ఈ ఒక్క స్టేషన్లోనే 50 మందికి పైగా చనిపోయారు.

నేను వచ్చింది బంధువుల పెళ్ళికి. ముహూర్తం రాత్రికి గనక పగలంతా నా చేతిలో ఉంది. గిర్‌గావ్ చౌపాటీకి నడిచే వెళ్ళాలని ఇంటి దగ్గరే అనుకున్నాను.

దానికి కారణం మా నాన్న. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. దాడి సాగిన ఆ మూడు రోజులూ టీవీ ముందు నుంచి కదల్లేదు. చనిపోయిన పెద్ద ఆఫీసర్ల పేర్లు చెబుతుంటే తల వంచుకుని విన్నారు. తుకారాం ఓంబ్లే పేరు వచ్చేసరికి మాత్రం లేచి నిలబడ్డారు. “ఏఎస్సై రా! చేతిలో లాఠీ తప్ప ఏం లేదు” అన్నారు. ఆ గొంతు నాకింకా గుర్తే.

స్టేషన్ దాటగానే కామా ఆసుపత్రి. ఆ పక్క సందులోనే పోలీసు అధికారులు హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సలాస్కర్ ఉన్న పోలీసు క్వాలిస్ మీద కాల్పులు జరిపి, ముగ్గురినీ చంపి, హంతకులు అదే బండిలో పారిపోయారు. దాని టైరు పోయాక దారిలో ఒక స్కోడా కారు లాక్కున్నారు. సందులో ఆ ఉదయం ఎవరో షాపు ముందు నీళ్ళు చల్లుతున్నారు. ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మెట్రో సినిమా దాటి సముద్రం ఒడ్డుకు చేరాను. మెరీన్ డ్రైవ్ మీద ఉత్తరంగా నడుస్తుంటే ఎడమ చేతివైపు అలలు, కుడివైపు పాతకాలపు మేడలు. స్కోడా కూడా ఆ అర్ధరాత్రి ఈ రోడ్డునే చౌపాటీ వైపు వచ్చింది. అప్పటికే వైర్‌లెస్‌లో కబురందిన డీబీ మార్గ్ పోలీసులు నాకాబందీ పెట్టి కాచుకున్నారు. బారికేడ్లు చూసి బండి తిప్పబోతే డివైడర్ దగ్గర ఇరుక్కుంది. కాల్పుల్లో ఇస్మాయిల్ ఖాన్ పోయాడు. కసబ్ కిందికి దిగి తుపాకీ ఎత్తేలోపు ఓంబ్లే మీదికి ఉరికి, తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టేశారు. తూటాలన్నీ ఆయన ఒంట్లోకే దిగాయి. పట్టు వదల్లేదు. ఆ కాస్త సమయంలోనే మిగతావాళ్ళు కసబ్‌ని ప్రాణాలతో పట్టుకున్నారు.

ఓంబ్లే సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి పోలీసుల్లో చేరిన మనిషి. ఆ తుపాకీ ఏం చేస్తుందో తెలియక పట్టుకోలేదు.

చౌపాటీలో ఓంబ్లే విగ్రహం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాను. కాస్త దూరంలో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ కుర్రాడు దగ్గరికొచ్చాడు. ఎక్కణ్ణించి వచ్చానో అడిగి, చెయ్యెత్తి రోడ్డు చూపించాడు. “కారు అక్కడ ఆగింది సాహెబ్. అప్పుడు నేను ఐదో తరగతి” అన్నాడు. మా నాన్న మాట చెప్పాను. నవ్వలేదు, మాట్లాడలేదు, కాసేపు నా పక్కనే నిలబడ్డాడు.

దాడికి వచ్చిన 10 మందిలో ప్రాణాలతో దొరికింది కసబ్ ఒక్కడే. ఎక్కణ్ణించి వచ్చారో, ఎవరు పంపారో కోర్టులో రుజువైందంటే వాడు బతికి దొరికినందుకే. 2012 నవంబరు 21న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. ఓంబ్లేకి 2009లో అశోక చక్ర ఇచ్చారు. 2021లో మహారాష్ట్రలో కనుగొన్న ఒక గెంతే సాలీడుకి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. ఈ సంగతి వినడానికి నాన్న లేరు.

నాకనిపించేది ఒక్కటే. మనం అమరుల్ని కూడా హోదా చూసే గుర్తుపెట్టుకుంటాం. ఐపీఎస్‌ల పేర్లు చెప్పమంటే చెబుతాం, లాఠీ పట్టుకున్నవాళ్ళ పేర్లు తడుముకుంటాం. ఇది మారాలి.

ముంబయి వెళ్ళే మనవాళ్ళు భేల్‌పూరీ తినడానికైనా చౌపాటీకి వెళ్తారు. ఈసారి పిల్లల్ని ఆ విగ్రహం దాకా నడిపించండి. ఈయన ఏఎస్సై అని, ఆ రాత్రి చేతిలో ఉన్నది లాఠీ అని చెప్పండి.